కొండలెక్కే ‘మొసలి’ ఇంజను

ఘాట్ రోడ్డు మీద బరువుతో పోయే ఎడ్లబండిని మీరెప్పుడైనా గమనించారా? ఎక్కేటప్పుడు ఎద్దులు మెడలు వంచి, గిట్టలు నేలకు తన్నిపెట్టి లాగుతాయి. బండివాడు కిందికి దిగి చక్రం పట్టి తోస్తాడు. శిఖరం చేరగానే కష్టం తీరిందనుకుంటాము. కాని అసలు భయం అక్కడినుంచే మొదలవుతుంది. దిగుడులో బండి వెనుకనుంచి ఎద్దులను తరుముకొస్తుంది. పట్టు తప్పిందా, బండీ ఎద్దులూ కలిసి లోయలో పడవలసిందే.

రైలు సంగతి కూడా ఇంతే. కొండదారిలో నడిచే ఇంజనుకు రెండు పనులు ఉంటాయి. బరువును పైకి లాగడం ఒకటి. అదే బరువును దిగేటప్పుడు అదుపులో పెట్టడం రెండవది. ఈ రెండు పనులూ చక్కగా చేసి, దిగే బరువునుంచి కొంత విద్యుచ్ఛక్తిని కూడా తిరిగి రాబట్టిన ఒక ఇంజను నూరేళ్ళ కిందట స్విట్జర్లాండులో పుట్టింది. దాని రూపాన్ని చూసి జనం దానికి ‘మొసలి’ అని పేరు పెట్టారు. ఆ మొసలి ఎలా పుట్టింది, ఎలా పనిచేసింది, ఎన్నాళ్ళు పనిచేసింది అనే విషయాలు ఈ వ్యాసంలో తెలుసుకుందాము.

పట్టాల మీద వాలు

ఉక్కు పట్టా నున్నగా ఉంటుంది. ఉక్కు చక్రం కూడా నున్ననే. అందువల్ల సమతలం మీద రైలును నడపడం చాలా సులువు. మామూలు వేగంలో, మలుపుల వల్ల కలిగే అడ్డంకితో సహా, టన్ను బరువుకు సుమారు 5 కిలోల లాగుడు చాలుననుకుందాము. అయితే దారి ఏటవాలుగా ఉన్నప్పుడు బరువులో కొంత భాగం వెనక్కు లాగుతుంది. 1000 మీటర్ల దూరానికి 26 మీటర్లు ఎత్తు పెరిగే దారిలో ప్రతి టన్నుకూ అదనంగా 26 కిలోల లాగుడు కావాలి. అంటే 5 కిలోలు కాస్తా 31 కిలోలయింది. మన కంటికి ఏమంత ఏటవాలుగా కనిపించని ఈ దారి ఇంజను పనిని ఆరు రెట్లు పెంచివేసిందన్నమాట!

సరిగా ఇటువంటి దారే గోట్‌హార్డ్ రైలుమార్గం. ఉత్తర ఐరోపాకూ ఇటలీకీ మధ్య ఆల్ప్స్ పర్వతాలు గోడవలె నిలిచి ఉన్నాయి. ఆ గోడను తొలిచి, 1872లో మొదలుపెట్టి పదేళ్ళు శ్రమించి, 15 కిలోమీటర్ల సొరంగాన్ని నిర్మించారు. పని నడిపించిన గుత్తేదారు లూయీ ఫావ్ర్ 1879లో ఆ సొరంగంలోనే కన్నుమూశాడు. ఎందరో కార్మికులు ప్రాణాలు కోల్పోయారు. 1882లో రైళ్ళు నడవసాగాయి.

సొరంగం ఉత్తర ద్వారం గెషెనెన్ అనే ఊరిదగ్గర, సముద్రమట్టానికి 1106 మీటర్ల ఎత్తున ఉన్నది. కింద లోయలో ఎర్స్ట్‌ఫెల్డ్ స్టేషను 472 మీటర్ల ఎత్తున ఉన్నది. సుమారు 29 కిలోమీటర్ల దారిలో రైలు 634 మీటర్లు పైకెక్కాలి. లోయ అంత పొడవు లేదు కనుక ఇంజనీర్లు పట్టాలను కొండలోపల చుట్టలు చుట్టించి, వంకలు తిప్పి, దారిని పొడిగించారు. వాసెన్ అనే గ్రామంలోని చర్చి ప్రయాణికులకు మూడుసార్లు కనబడుతుంది: ఒకసారి పైన, ఒకసారి ఎదురుగా, ఒకసారి కింద. రైలు ఎంత ఎక్కిందో ఆ చర్చే చెబుతుంది.

బొగ్గులేని దేశం

నలభై ఏళ్ళ దాకా ఈ దారిలో ఆవిరి ఇంజన్లు నడిచాయి. వాటి కష్టాలు రెండు. మొదటిది, ఆవిరి ఇంజను తన శక్తిని తానే పుట్టించుకోవాలి. బాయిలరు ఎంత ఆవిరి తయారుచేయగలదో అంతకుమించి అది లాగలేదు. పైగా తన బొగ్గునూ నీటినీ కూడా తానే మోసుకొని కొండెక్కాలి. బరువైన రైలుకు రెండు మూడు ఇంజన్లు తగిలించవలసి వచ్చేది. రెండవ కష్టం, పొగ. పదిహేను కిలోమీటర్ల సొరంగంలో పొగ కమ్ముకుంటే ఇంజను నడిపేవారి అవస్థ చెప్పనలవి కాదు.

వీటికి తోడు మరొక చిక్కు వచ్చింది. స్విట్జర్లాండులో చెప్పుకోదగిన బొగ్గు గనులు లేవు. కావలసిన బొగ్గులో ఎక్కువభాగం జర్మనీనుంచి వచ్చేది. 1914లో మొదటి ప్రపంచయుద్ధం మొదలయింది. బొగ్గు రావడం తగ్గింది, ధర మండిపోయింది, రైళ్ళను తగ్గించవలసి వచ్చింది. యుద్ధంలో చేరని దేశమే అయినా, ఇతరుల బొగ్గు మీద ఆధారపడినందున దాని చక్రాలు ఆగిపోయే స్థితి వచ్చింది.

బొగ్గు లేకపోయినా ఆ దేశంలో ఎత్తైన కొండలు ఉన్నాయి, వాటి మీద మంచు ఉన్నది, మంచు కరిగిన నీరు ఉన్నది. పైనుంచి పడే నీటితో విద్యుత్తు పుట్టించి, ఆ విద్యుత్తుతో రైళ్ళు నడపవచ్చును. గోట్‌హార్డ్ దారిని విద్యుదీకరించాలని స్విస్ ప్రభుత్వ రైల్వేవారు 1913లోనే నిర్ణయించారు. యుద్ధం వచ్చి ఆ పనిని ఒక ప్రయోగంనుంచి అత్యవసరంగా మార్చివేసింది. సొరంగానికి దక్షిణాన రిటోమ్ సరస్సు నీటితోనూ, ఉత్తరాన ఆమ్‌స్టేగ్ దగ్గర రాయిస్ నది నీటితోనూ విద్యుత్ కేంద్రాలు కట్టారు. 1920లో సొరంగం దారిలో విద్యుత్ రైళ్ళు మొదలయ్యాయి. 1922 నాటికి ల్యూసర్న్‌నుంచి ఇటలీ సరిహద్దులోని కియాస్సో దాకా తీగలు సాగాయి.

తీగ సిద్ధమైంది. ఇక కావలసింది కొండకు తగిన ఇంజను.

ఎంత శక్తి కావాలి?

రైల్వేవారు పెట్టిన షరతు ఇది: ఇంజను 430 టన్నుల రైలును 26 మీటర్ల వాలులో గంటకు 35 కిలోమీటర్ల వేగంతో లాగాలి. దీనికెంత శక్తి కావాలో మనమే లెక్క వేయవచ్చును. ఇంజను బరువు 128 టన్నులు. రైలుతో కలిపి మొత్తం 558 టన్నులు. టన్నుకు 31 కిలోల చొప్పున లాగుడు సుమారు 17,300 కిలోలు. గంటకు 35 కిలోమీటర్లంటే సెకనుకు 9.72 మీటర్లు. ఈ రెంటినీ గుణించి 75తో భాగిస్తే అశ్వశక్తి వస్తుంది. లెక్క వేసి చూడండి. సుమారు 2240 వస్తుంది. ఆ ఇంజనుకు అమర్చిన నాలుగు మోటార్ల శక్తి కూడా కలిసి 2240 అశ్వశక్తే. దీనిని ‘గంట సామర్థ్యం’ అంటారు. అంటే మోటార్లు హద్దుమీరి వేడెక్కకుండా ఒక గంటసేపు ఇవ్వగల శక్తి. కొండ ఎక్కడానికి పట్టే కాలం కూడా ఇంచుమించు అంతే గదా!

శక్తి ఉంటే సరిపోదు. పట్టు కూడా కావాలి. తడినేల మీద ఎద్దు గిట్ట జారినట్లే, బరువు చాలకపోతే ఇంజను చక్రం పట్టా మీద జారి ఉన్నచోటనే తిరుగుతుంది. మంచి పట్టా మీద చక్రంపై పడే బరువులో ఐదవ వంతు లాగుడు వరకు నమ్మకంగా తీసుకోవచ్చును. మన ఇంజనులో 104 టన్నులు లాగే చక్రాల మీద పడ్డాయి. 17 టన్నుల లాగుడు అందులో ఆరవ వంతు మాత్రమే. కనుక మంచు కురిసినా, ఆకులు రాలి పట్టాలు జారుడుగా ఉన్నా కొంత నిబ్బరం మిగిలింది.

మొసలి ఆకారం ఎందుకు వచ్చింది?

ఇంజను యాంత్రికభాగాన్ని వింటర్‌టూర్‌లోని కర్మాగారం, విద్యుద్భాగాన్ని ఓర్లికాన్ కర్మాగారం తయారుచేశాయి. మొదటి ఇంజను 1919లో వచ్చింది. 1922 లోపల మొత్తం 33 తయారయ్యాయి. రైల్వేవారి పట్టీలో దీని గుర్తు ‘సి-ఇ 6/8’. ఇందులో ‘ఇ’ అంటే విద్యుత్ ఇంజను. ‘6/8’ అంటే ఎనిమిది ఇరుసులలో ఆరు లాగేవి. ‘సి’ వేగపు తరగతిని తెలుపుతుంది. దీని గరిష్ఠ వేగం గంటకు 65 కిలోమీటర్లు మాత్రమే.

ఆనాటి మోటార్లు చాలా పెద్దవి. చక్రాల మధ్య ఇరుసుల దగ్గర ఇమిడేవి కావు. అందుచేత ఇంజనుకు ముందొకటి, వెనుకొకటి రెండు పొడవైన ‘ముక్కులు’ అమర్చి, ఒక్కొక్క ముక్కులో రెండేసి మోటార్లు ఉంచారు. మోటార్లు పళ్ళచక్రాల ద్వారా ఒక అడ్డ ఇరుసును తిప్పుతాయి. అక్కడినుంచి ఆవిరి ఇంజనులో వలెనే ఉక్కుకమ్మీలు మూడు జతల పెద్ద చక్రాలను కలిపి తిప్పుతాయి. వాటికి ముందు దారి చూపించే చిన్నచక్రాల జత ఒకటి ఉంటుంది.

నడుమనున్న గదిలో డ్రైవర్ల స్థలాలు, బరువైన ట్రాన్స్‌ఫార్మరు ఉన్నాయి. తీగలో వచ్చేది 15,000 వోల్టుల ఏకాంతర విద్యుత్తు. దానిని ట్రాన్స్‌ఫార్మరు మోటార్లకు తగినంతగా తగ్గిస్తుంది. డ్రైవరు పిడి తిప్పినకొద్దీ ట్రాన్స్‌ఫార్మరులోని వేరువేరు మెట్లనుంచి వేరువేరు వోల్టేజీలు అందుతాయి. వేగం క్రమంగా పెరుగుతుంది.

ఆ విద్యుత్తు సెకనుకు 50 సైకిళ్ళది కాదు, అందులో సరిగా మూడవ వంతు, అంటే 16⅔ సైకిళ్ళది. దీనికొక కారణం ఉన్నది. ఆ మోటార్లలో కార్బన్ బ్రష్‌లు తిరిగే భాగాన్ని తాకుతూ ఉంటాయి. సైకిళ్ళు ఎక్కువైనకొద్దీ అక్కడ నిప్పురవ్వలు ఎక్కువవుతాయి. అవి యంత్రాన్ని కాల్చివేయకుండా సైకిళ్ళను తగ్గించారు.

ఇంజను పొడవు 19 మీటర్లకు పైగా ఉన్నది. ఇంత పొడవైన చట్రం ఒకే ముక్కగా ఉంటే కొండదారి మలుపులలో పట్టా తప్పుతుంది. అందుకని ముక్కులు రెండూ వేరువేరు చట్రాల మీద కూర్చున్నాయి. నడుమగది వాటికి వంతెనలాగా పైన ఆనుకొని ఉంటుంది. మలుపులో ముందుముక్కు ఒకవైపుకు, వెనుకముక్కు ఇంకొకవైపుకు వంగుతాయి. పొడవైన ముక్కు, నడుమ ఎత్తైన వీపు, మెలికలు తిరిగే నడక: మొసలి గాక మరేమిటి? ఆ పేరు తరువాత ఈ ఆకారంగల ఇంజన్లన్నిటికీ పాకింది. అది అలంకారంకోసం వచ్చిన రూపం కాదు. పెద్ద మోటారు, పెద్ద బరువు, వంకరదారి, ఈ మూడూ కలిసి ఆ రూపాన్ని నిర్ణయించాయి.

దిగే రైలు ఇచ్చే శక్తి

ఇప్పుడు రెండవ పనికి వద్దాము. 558 టన్నుల రైలు 634 మీటర్లు దిగితే ఎంత శక్తి విడుదలవుతుంది? ఒక టన్నును 367 మీటర్లు ఎత్తడానికి సిద్ధాంతరీత్యా ఒక యూనిట్ విద్యుత్తు, అంటే ఒక కిలోవాట్-గంట, కావాలి. ఈ లెక్కన మన రైలు గెషెనెన్‌నుంచి ఎర్స్ట్‌ఫెల్డ్‌కు దిగేసరికి సుమారు 960 యూనిట్ల శక్తి వెలువడుతుంది. ఈ శక్తి ఎక్కడికో ఒకచోటికి పోయి తీరాలి. దీనిలో స్వల్పభాగం మామూలు ఘర్షణకు ఖర్చవుతుంది. మిగిలినదంతా బ్రేకుల మీదనే పడితే చక్రాలూ బ్రేకు దిమ్మెలూ ఎర్రగా కాలిపోతాయి. 960 యూనిట్ల వేడితో 25 డిగ్రీల నీటిని 11 టన్నులదాకా మరిగే స్థితికి తేవచ్చునంటే, ఆ వేడి ఎంతటిదో ఊహించుకోండి. కాలిన బ్రేకులు పట్టు సడలితే ఇక రైలును ఆపేదెవరు?

మోటారూ డైనమో వేరువేరు యంత్రాలు కావని విద్యార్థులకు తెలుసు. విద్యుత్తు ఇస్తే తిరిగేది మోటారు. తిప్పితే విద్యుత్తు ఇచ్చేది డైనమో. దిగేటప్పుడు చక్రాలే మోటార్లను తిప్పుతాయి. అప్పుడు పుట్టే విద్యుత్తును తీగలోకి పంపితే రెండు లాభాలు. మోటారు తిరగడానికి ఎదురు తిరుగుతుంది కనుక రైలుకు బ్రేకు పడుతుంది. పంపిన విద్యుత్తు అదే సమయంలో కొండెక్కుతున్న మరొక రైలుకు అందుతుంది.

చెప్పడం సులువు, చేయడం కష్టం. ఏకాంతర విద్యుత్తుతో నడిచే ఆనాటి మోటారును డైనమోగా మార్చితే, అది పుట్టించే విద్యుత్తు తీగలోని విద్యుత్తుతో సరిగా తాళం కలిపి నడవాలి. లేకపోతే ఉపయోగానికి బదులు ఉపద్రవం వస్తుంది. ఓర్లికాన్ కర్మాగారపు ఇంజనీరు హాన్స్ బేన్-ఎషెన్‌బుర్గ్ ఈ చిక్కును విడదీశాడు. మోటారులోని అయస్కాంతపు చుట్టలకు ట్రాన్స్‌ఫార్మరునుంచి విడిగా విద్యుత్తు అందించి, తిరిగే భాగానికి వరుసగా ఒక చోక్ చుట్టను చేర్చాడు. తాళం కలిసింది.

అయితే ఇంజను బ్రేకు ఒక్కటే రైలును పూర్తిగా ఆపగలదని అనుకోరాదు. వాగన్ల బ్రేకులు ఎప్పుడూ ఉండవలసిందే. పైగా యంత్రంలోనూ తీగలోనూ కొంత శక్తి వేడిగా పోతుంది. కాబట్టి దిగిన రైలు తనంత రైలును పైకి ఎక్కించలేదు. కాని మునుపు ఇనుమును కాల్చిపారవేసిన శక్తిలో కొంత మళ్ళీ పనికి వచ్చింది; బ్రేకుల భారం తగ్గింది; దిగుడులో భయం తగ్గింది. బావిలో ఒక బొక్కెన దిగుతూ గిలక మీదుగా ఇంకొక బొక్కెనను పైకి లాగినట్లు, ఒక రైలు ఇంకొక రైలుకు సాయపడింది. రెంటి మధ్య తాడుకు బదులు రాగితీగ ఉన్నది, అంతే తేడా.

అరవై ఏళ్ళ సేవ

మొసళ్ళు గోట్‌హార్డ్ సరకురైళ్ళ భారాన్ని భుజాన వేసుకున్నాయి. 1926, 1927 సంవత్సరాలలో ఇంకొంచెం శక్తిగలవి 18 వచ్చి చేరాయి. అప్పటికి మొత్తం 51. రెండవ ప్రపంచయుద్ధకాలంలో బొగ్గు మళ్ళీ కరువైంది. కాని ఈసారి కొండదారి ఆగలేదు. దానికి కావలసింది కొండమీది నీరే గదా!

1942నుంచి 1947 వరకు, మొదటి 33లో 13 ఇంజన్లకు కొత్త మోటార్లు అమర్చారు. ఆకారం అదే, శక్తి మాత్రం 2240నుంచి సుమారు 3600 అశ్వశక్తికి పెరిగింది, వేగం గంటకు 75 కిలోమీటర్లయింది. గట్టి చట్రం ఉంటే లోపలి యంత్రాన్ని మార్చి ఆయుస్సు పొడిగించవచ్చునని ఇది చూపింది.

1952లో కొత్తతరం వచ్చింది. మోటార్లు చిన్నవై చక్రాల పక్కనే ఇమిడిపోయాయి. ఆరు ఇరుసులకు ఆరు మోటార్లు. ముక్కులు అక్కరలేదు, కమ్మీలు అక్కరలేదు, దారిచూపే చిన్నచక్రాలు కూడా అక్కరలేదు. ఇంజను బరువంతా లాగే చక్రాల మీదనే పడింది. ఈ ఇంజను బరువు 120 టన్నులు, శక్తి సుమారు 6000 అశ్వశక్తి. 1972నుంచి అదే 120 టన్నులలో సుమారు 10,600 అశ్వశక్తి ఇచ్చే ఇంజన్లు తయారయ్యాయి. టన్ను బరువుకు ఎంత శక్తి అని లెక్కిస్తే, మొసలికి 17½, తరువాతిదానికి దాదాపు 50, ఆ తరువాతిదానికి దాదాపు 90. యాభై ఏళ్ళలో సాధించిన ప్రగతి ఈ మూడు అంకెలలో ఉన్నది.

కొత్తవి రాగానే మొసళ్ళు కొండ దిగాయి. మైదానాలలో సరకురైళ్ళు లాగుతూ, యార్డులలో వాగన్లు మళ్ళిస్తూ మరి కొన్నేళ్ళు గడిపి, 1986 నాటికి విశ్రాంతి తీసుకున్నాయి. కొన్నింటిని భద్రపరచారు. ల్యూసర్న్‌లోని రవాణా ప్రదర్శనశాలలో ఒకటి ఉన్నది. ఇంకా నడిచే స్థితిలో ఉన్నవి కూడా ఉన్నాయి. 2016లో కొండ అడుగునుంచే పోయే 57 కిలోమీటర్ల కొత్త సొరంగం తెరిచారు. దానితో బరువైన రైళ్ళకు ఎక్కవలసిన ఎత్తు చాలా తగ్గింది. పాతదారి మాత్రం ఇంకా ఉన్నది. వాసెన్ చర్చి ఇంకా మూడుసార్లు కనబడుతూనే ఉన్నది.

మన కనుమలలో

మొసలికి మనదేశంలోనూ ఒక బంధువు ఉండేది. బొంబాయినుంచి పూనా పోయే దారిలో భోర్ ఘాట్ ఉన్నది. అక్కడి వాలు 37 మీటర్లకు ఒక మీటరు. అంటే వెయ్యికి 27, ఇంచుమించు గోట్‌హార్డ్ వాలే. ఆ దారిని విద్యుదీకరించినప్పుడు, 1928నుంచి, రెండు ముక్కులు గల సరకు ఇంజన్లు 41 తెప్పించారు. వాటిలో 10 వింటర్‌టూర్‌లో తయారైనవే. తీగలో 1500 వోల్టుల ఏకముఖ విద్యుత్తు. ఇంజను శక్తి 2600 అశ్వశక్తి. మహారాష్ట్రులు దానిని ‘ఖేకడా’ అన్నారు; అంటే పీత. అక్కడ మొసలి, ఇక్కడ పీత! ఢిల్లీలోని జాతీయ రైలు ప్రదర్శనశాలలో దీనిని ఈనాటికీ చూడవచ్చును.

తెలుగువారికి ఇంకా దగ్గరి ఉదాహరణ విశాఖపట్నం దగ్గరి కనుమలలో ఉన్నది. బైలదిల్లా గనుల ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు తేవడానికి 1960లలో కొత్తవలస-కిరండూల్ మార్గం వేశారు. యాభైకి పైగా సొరంగాలతో తూర్పు కనుమలను దాటే ఆ దారిలో శిమిలిగుడ స్టేషను 996 మీటర్ల ఎత్తున ఉన్నది. 1980ల ఆరంభంలో దానిని విద్యుదీకరించారు. అరకు వెళ్ళిన ప్రయాణికులు సొరంగాలను లెక్కపెడతారు. విద్యార్థులు ఇంకొక సంగతి కూడా గమనించాలి. అక్కడ కనుమ దిగే రైళ్ళు ఖనిజంతో నిండినవి. ఎక్కేవి ఎక్కువగా ఖాళీవి! టన్ను ఖనిజం 900 మీటర్లు దిగితే సిద్ధాంతరీత్యా సుమారు 2½ యూనిట్ల శక్తి విడుదలవుతుంది. మూడువేల టన్నుల రైలు దిగితే ఎంత? ఆ శక్తిని బ్రేకులలో కాల్చడం మేలా, తీగలోకి మళ్ళించడం మేలా? నేడు మనదేశంలో తయారయ్యే మూడు ఫేజుల విద్యుత్ ఇంజన్లకు ఇలా మళ్ళించే ఏర్పాటు మామూలు అంగమైపోయింది. నూరేళ్ళ కిందట చోక్ చుట్టతో సాధించినదానిని నేడు ఎలక్ట్రానిక్ పరికరాలు సాధిస్తున్నాయి. సూత్రం మాత్రం ఒక్కటే.

ఉపాధ్యాయులు తరగతిలో ఒక చిన్న ప్రయోగం చేయించవచ్చును. సైకిలు డైనమోను చక్రానికి ఆనించి, దీపం తగిలించకుండా పెడలు చేతితో తిప్పమనండి. తరువాత దీపం తగిలించి తిప్పమనండి. దీపం వెలిగినప్పుడు చక్రం కొంచెం బరువుగా తిరుగుతుంది. ఆ కొద్దిపాటి బరువే బ్రేకు. ఆ వెలుగే తిరిగివచ్చిన శక్తి. కొండ ఎక్కడానికి ఖర్చుచేసిన శక్తి ఎక్కడికీ పోలేదు. ఎత్తులో దాగి ఉన్నది. దిగేటప్పుడు దానిని అడిగి తీసుకోవడం తెలిసినవారికి అది కొంతవరకు తిరిగి దక్కుతుంది.